కొలిమి నుంచి క్రేను దాకా: ఇనుప కట్టడాల చరిత్ర, పని నేర్చుకునే పద్ధతులు

మన సొసైటీ సభ్యుల ఇళ్ళల్లో ఇనుముతో సంబంధం లేని ఇల్లు అరుదు. ఒకరు లారీ బాడీలు కట్టే షెడ్డులో పనిచేస్తారు. ఇంకొకరు గేట్లు, గ్రిల్సు చేస్తారు. మరొకరి కొడుకు గల్ఫులో ఫిట్టరు. రైల్వేలో ఖలాసీగా చేరి మేస్త్రీగా రిటైరయిన పెద్దలూ ఉన్నారు. అయినా ఈ పని ఎక్కడ పుట్టింది, ఎట్లా పెరిగింది, ఎవరు ఎవరి దగ్గర ఎట్లా నేర్చుకున్నారు అనే సంగతి మనలో మనం మాట్లాడుకున్నది తక్కువ. కావున ఈ సంచికలో ఆ విషయం మీద నాకు తెలిసిన నాలుగు మాటలు రాయదలిచాను.

ముందుగా మన ఊళ్ళ సంగతే చూద్దాం. నిజామాబాదు జిల్లాలో కోనసముద్రం అనే గ్రామం ఉన్నది. అక్కడి కమ్మరులు ఇనుమును మట్టి మూసలో పెట్టి, మూత వేసి, కొలిమిలో గంటల తరబడి కాల్చి ఉక్కు ముద్దలు తీసేవారు. మన భాషల్లోని ఉక్కు అనే మాటే ఇంగ్లీషువాళ్ళ నోట్లో వూట్జ్ అయిందని పండితులు చెబుతారు. 1820 ప్రాంతంలో వాయ్‌సీ అనే సర్వే శాఖ డాక్టరు ఆ గ్రామానికి వెళ్ళి పని చూసి రాశాడు. ఆ ఉక్కు కోసం పర్షియా నుంచి వచ్చిన వ్యాపారి ఒకాయన ఆయనకు అక్కడే కనిపించాడు. పేరు పొందిన డమాస్కసు కత్తులకు వాడింది ఈ జాతి ఉక్కునే. అంతకు ఎంతో ముందు, తొమ్మిదో శతాబ్దంలోనే బాగ్దాదు తత్వవేత్త అల్ కిందీ కత్తుల మీద ఒక గ్రంథం రాస్తూ ఏ దేశపు ఉక్కు ఎట్లాంటిదో వివరించాడు. ఇంగ్లండులో మైకేల్ ఫారడే అంతటివాడు 1819 నుంచి కొన్నేళ్ళపాటు ఈ వూట్జ్ గుట్టు పట్టాలని ప్రయోగాలు చేశాడు.

మరి అంత గొప్ప విద్య ఏమైంది? ఇంగ్లండు మిల్లుల్లో చవకగా టన్నులకొద్దీ ఇనుము వచ్చిపడేసరికి మన కొలుములు ఆరిపోయాయి. ఇంకొక కారణం కూడా నాకు తోస్తుంది. ఆ విద్య తండ్రి చేతి నుంచి కొడుకు చేతికి వచ్చింది గాని కాగితం మీదికి రాలేదు. చేసేవాడు పోతే పని కూడా పోయింది. ఈ ముక్క కాస్త గుర్తుంచుకోండి. చివర్లో మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

ఇక ఇనుముతో కత్తి, నాగలికర్రు కాకుండా పెద్ద కట్టడం కట్టటం ఎప్పుడు మొదలైంది? ఇంగ్లండులో కోల్‌బ్రూక్‌డేల్ దగ్గర సెవెర్న్ నది మీద 1779లో పోత ఇనుముతో ఒక వంతెన లేపారు. అది 1781 జనవరి 1న రాకపోకలకు తెరిచారు. నది మీద దాని దూకు సుమారు 30 మీటర్లు. అబ్రహాం డార్బీ అనే ఇనుప కార్ఖానా యజమాని దీన్ని కట్టించాడు. ఇందులో ఒక తమాషా ఉన్నది. ఇనుప కమ్మీని ఇనుప కమ్మీకి ఎట్లా అతకాలో అప్పటికి ఎవరికీ తెలియదు. అందుకని వడ్రంగి తలుపు చట్రానికి చేసినట్టు బెజ్జం, కూసు పెట్టి, చీలలు కొట్టి బిగించారు. అంటే కొత్త సరుకు వచ్చింది గాని దానికి తగిన పనితనం ఇంకా పుట్టలేదు. పాత పనితనంతోనే కొత్త సరుకును లొంగదీశారు. అయినా ఆ వంతెన నేటికీ నిలిచే ఉన్నది.

అన్నీ అట్లా నిలవలేదు. స్కాట్లండులో టే నది మీద 1878లో పెద్ద రైలు వంతెన తెరిచారు. దాన్ని రూపొందించిన థామస్ బౌచ్‌కు సర్ బిరుదు కూడా ఇచ్చారు. 1879 డిసెంబరు 28 రాత్రి పెద్ద గాలివాన. రైలు వంతెన మీద ఉండగానే నడిమి భాగం కూలి నదిలో పడింది. రైలులో ఉన్నవాళ్ళల్లో ఒక్కరూ బతకలేదు. విచారణ జరిగింది. గాలి వత్తిడికి లెక్క సరిగా కట్టలేదని తేలింది. అంతేకాదు, పోత పోసిన స్తంభాలలో బొక్కలు వస్తే వాటిని మైనం, ఇనప రజను, గుగ్గిలం, దీపపు మసి కలిపిన ముద్దతో పూడ్చి, పైన నున్నగా రుద్ది పంపారని కూడా బయటపడింది. ఆ ముద్దకు ఫౌండ్రీవాళ్ళు పెట్టుకున్న పేరు బోమాంట్ ఎగ్. చూడండి, పోత పోసే మనిషికి ఆ బొక్క తెలుసు. రుద్దిన మనిషికీ తెలుసు. తెలియనిది రైలెక్కిన ప్రయాణికులకే. పనిలో నిజాయితీ లేకపోతే ప్రాణాలు పోతాయి అనటానికి ఇంతకన్న పెద్ద ఉదాహరణ అక్కర్లేదు.

ఈలోగా 1856లో హెన్రీ బెస్సమర్ ఉక్కును చవకగా, పెద్దమొత్తంలో తీసే పద్ధతి కనిపెట్టాడు. పోత ఇనుము స్థానంలో క్రమంగా ఉక్కు వచ్చింది. 1890లో స్కాట్లండులోనే ఫోర్త్ వంతెనను సుమారు 53,000 టన్నుల ఉక్కుతో కట్టారు. అంతకు ముందు ఏడాది, 1889లో, పారిస్‌లో ఈఫిల్ టవరు లేచింది. అది మాత్రం చేత ఇనుముతో చేసింది. అందులో 18,038 ముక్కలు, 25 లక్షల రివిట్లు ఉన్నాయి. ప్రతి ముక్కకూ ముందు కాగితం మీద డ్రాయింగు గీసి, ఫ్యాక్టరీలో బెజ్జాలు వేసి, టవరు దగ్గరికి తెచ్చి బిగించారు. బెజ్జం కలవకపోతే అక్కడ దిద్దరు, ముక్కను తిరిగి ఫ్యాక్టరీకి పంపుతారు. రెండేళ్ళ రెండు నెలల్లో పని పూర్తయింది. డ్రాయింగు చదవటం వచ్చినవాడికి విలువ పెరిగింది ఇక్కడి నుంచే అనుకోవచ్చు.

రివిట్టు కొట్టటానికి నలుగురు కావాలి. ఒకడు కొలిమిలో రివిట్టును ఎర్రగా కాలుస్తాడు. రెండోవాడు బెజ్జంలో పెట్టి వెనక అదిమి పడతాడు. మూడోవాడు తల మలుస్తాడు. నాలుగోవాడు సమ్మెట వేస్తాడు. చిన్న కుర్రాడు ముందు కొలిమి దగ్గర చేరి, చూసి చూసి, కొన్నాళ్ళకు సమ్మెట పట్టేవాడు. మన షెడ్లల్లో ఉస్తాదు దగ్గర కుర్రాడు మొదట టీ తెచ్చి, తరువాత గ్రైండింగు పట్టి, ఆ తరువాత హోల్డరు అందుకోవటం కూడా ఈ వరసే.

ఇప్పుడు నేను ముఖ్యంగా చెప్పదలిచిన సంగతికి వస్తాను. కెనడాలో క్విబెక్ నగరం దగ్గర సెయింట్ లారెన్స్ నది మీద ఉక్కు వంతెన కడుతున్నారు. మొదట నడిమి దూకు 1,600 అడుగులు అనుకున్నారు. తరువాత 1,800 అడుగులకు పెంచారు. దూకు పెంచినప్పుడు వంతెన బరువు పెరుగుతుంది గదా, ఆ బరువు లెక్క మాత్రం సకాలంలో తిరగవేయలేదు. కన్సల్టింగు ఇంజనీరు పెద్ద పేరున్నవాడు, కాని ఆయన దూరాన న్యూయార్కులో ఉన్నాడు. పనిచోట ఉన్న యువ ఇంజనీరు కింది కమ్మీలు వంగుతున్నాయని కనిపెట్టాడు. చివరికి తానే న్యూయార్కు వెళ్ళి చెప్పాడు. ఆయన పరిస్థితి గ్రహించి తంతి ఇచ్చాడు గాని, పని ఆపించే కబురు వంతెన దగ్గరికి చేరలేదు. 1907 ఆగస్టు 29 సాయంకాలం, పని దిగే వేళకు కాస్త ముందు, వంతెన కొన్ని సెకన్లలో కూలిపోయింది. 75 మంది చనిపోయారు. వాళ్ళల్లో 33 మంది కానావాగె అనే ఒకే ఊరి మొహాక్ తెగవాళ్ళు. ఎత్తు మీద ఇనుప పనికి పేరు మోసిన తెగ అది. ఒక్క పూటలో ఆ ఊరిలో ఎన్ని ఇళ్ళు చీకటయ్యాయో ఊహించండి. ఇక మీదట మగవాళ్ళందరూ ఒకే పనికి పోకూడదని, వేరువేరు చోట్లకు చీలి పోవాలని ఆ ఊరి ఆడవాళ్ళు పట్టుబట్టారని చెబుతారు. 1916లో మళ్ళీ కడుతుండగా నడిమి భాగం జారిపడి ఇంకో 13 మంది పోయారు. చివరకు 1917లో వంతెన పూర్తయింది. ఆ జాతి వంతెనలలో దానిదే నేటికీ ప్రపంచంలో పెద్ద దూకు.

ఈ దుర్ఘటన తరువాత కెనడా ఇంజనీర్లు ఒక ఆచారం పెట్టుకున్నారు. 1925 నుంచి చదువు పూర్తిచేసిన ఇంజనీరు పనిచేసే చేతి చిటికెనవేలికి చిన్న ఇనుప ఉంగరం తొడుక్కుని, తప్పు పని దాటిపోనివ్వనని ప్రమాణం చేస్తాడు. గీసేటప్పుడు, రాసేటప్పుడు ఆ ఉంగరం కాగితానికి తగులుతూ ఆ మాట గుర్తుచేస్తుందన్నమాట. కూలిన వంతెన ఇనుముతోనే ఆ ఉంగరాలు చేశారని కొందరు అంటారు గాని అది నిజం కాదు.

రివిట్ల కాలం పోయి వెల్డింగు కాలం వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికావాళ్ళు ఓడలను రివిట్లకు బదులు వెల్డింగుతో కట్టారు. లిబర్టీ ఓడలనే రకం ఒక్కటే 2,710 కట్టారు. వెల్డర్లు చాలక, ఎన్నడూ పనిముట్టు పట్టనివారికి, ఆడవాళ్ళకు కూడా, కొద్ది వారాల్లో పని నేర్పి దించారు. వాళ్ళు ఆ యుద్ధాన్ని గట్టెక్కించారనటంలో అబద్ధం లేదు. కాని 1943 జనవరి 16 రాత్రి షెనెక్టడీ అనే కొత్త టాంకరు ఓడ, తుఫాను లేదు ఏమీ లేదు, రేవులో కట్టి ఉండగానే పెద్ద చప్పుడుతో నడిమికి పగిలింది. కొంత తప్పు అతుకుది, కొంత డిజైనుది, కొంత చలికి పెళుసెక్కే ఆ ఉక్కుది. రివిట్టు వేసిన పలకలో పగులు వస్తే ఆ పలక అంచు దగ్గర ఆగుతుంది. వెల్డింగు చేసినదంతా ఒకే పలక కింద లెక్క, పగులు పారుతూ పోతుంది. అప్పటి నుంచి అతుకును వంచి చూడటం, ఎక్స్‌రే తీసి చూడటం, వెల్డరుకు పరీక్ష పెట్టి సర్టిఫికెట్టు ఇవ్వటం గట్టిపడ్డాయి. మన కుర్రాళ్ళు గల్ఫు ఇంటర్వ్యూల్లో వినే 3జి, 4జి, 6జి అనేవి ఇవే. 3జి అంటే నిలువు అతుకు. 4జి అంటే తలపైన చేసే అతుకు. 6జి అంటే పైపును 45 డిగ్రీల వాలులో కదలకుండా బిగించి చుట్టూ చేసే అతుకు.

మన దేశం కూడా వెనకబడలేదు. కలకత్తాలో హౌరా వంతెన 1943 ఫిబ్రవరిలో తెరిచారు. పట్టిన 26,500 టన్నుల ఉక్కులో 23,000 టన్నులు టాటావారిదే. నట్టు, బోల్టు లేకుండా మొత్తం రివిట్లతో బిగించారు. మన రాజమండ్రిలో గోదావరి మీద 1900లో తెరిచిన హేవ్‌లాక్ వంతెన 1997 దాకా రైళ్ళను మోసింది. 1974లో రైలు, రోడ్డు రెండూ పోయే ఉక్కు వంతెన దానికి తోడైంది. విశాఖ ఉక్కు కోసం 1966లో జరిగిన ఆందోళనలో 32 మంది ప్రాణాలు పోయాయి. 1971లో శంకుస్థాపన జరిగి, 1992లో ఆ కర్మాగారం జాతికి అంకితమైంది. కేరళలో మాప్పిళా ఖలాసీల పేరు చెప్పకపోతే తప్పవుతుంది. బేపూరులో కొయ్య ఓడలు కట్టి నీటిలోకి దించే ఈ ముస్లిం పనివారు 1988లో పెరుమన్ దగ్గర అష్టముడి కాయలలో పడిన రైలు పెట్టెలను తాళ్ళు, కప్పీలతో పైకి లాగటంలో చేయివేశారు.

ఇక మనం గర్వంగా చెప్పుకోదగ్గ మనిషి ఒకరున్నారు. ఆయన ఫజ్లుర్ రహ్మాన్ ఖాన్. 1929లో ఢాకాలో పుట్టారు. తండ్రి లెక్కల అయ్యవారు, పాఠ్యపుస్తకాలు రాసినవారు. కలకత్తా దగ్గరి శిబ్‌పూర్ ఇంజనీరింగు కాలేజీలో చదువుతూ ఢాకాకు వచ్చి పట్టా పూర్తిచేశారు. 1952లో స్కాలర్‌షిప్పు మీద అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయానికి వెళ్ళి మూడేళ్ళల్లో రెండు మాస్టర్సు డిగ్రీలు, ఒక డాక్టరేటు సంపాదించారు. చికాగోలో ఉద్యోగంలో చేరారు. అప్పటిదాకా ఎత్తయిన మేడ అంటే లోపల అడుగడుగునా స్తంభాలు. మేడ ఎత్తు పెరిగేకొద్దీ గాలికి తట్టుకోవటానికి ఉక్కు ఖర్చు విపరీతంగా పెరిగేది. ఖాన్‌గారు బరువంతా బయటి గోడకు పంచి, మేడను ఒక పెద్ద గొట్టంలాగా నిలబెట్టే పద్ధతి తెచ్చారు. వెదురుబొంగు లోపల డొల్లే అయినా గాలికి విరగదు గదా, అట్లాగన్నమాట. చికాగోలోని 100 అంతస్తుల హాన్‌కాక్ సెంటరుకు చదరపు మీటరుకు సుమారు 145 కిలోల ఉక్కు పట్టింది. అంతకు ముందు కట్టిన ఎంపైర్ స్టేట్ భవనానికి 206 కిలోలు పట్టింది. తరువాత తొమ్మిది గొట్టాలను కట్టగట్టినట్టు 110 అంతస్తుల సియర్స్ టవరు లేపారు. 442 మీటర్ల ఆ మేడ 1970లలో పూర్తయి, చాలా ఏళ్ళు ప్రపంచంలో అన్నిటికన్నా ఎత్తయినదిగా నిలిచింది. 2009 నుంచి దాని పేరు విల్లిస్ టవరు.

హజ్‌కు వెళ్ళివచ్చిన పెద్దలకు ఆయన పని ఇంకొకటి తెలిసే ఉంటుంది, ఆయన పేరు తెలియకపోయినా సరే. జిద్దా విమానాశ్రయంలో హాజీల టెర్మినల్ మీద తెల్లటి గుడారాలు కనిపిస్తాయి గదా. 45 మీటర్ల ఎత్తు ఉక్కు స్తంభాలకు తీగెలు కట్టి, వాటికి 210 గుడారాలు వేలాడదీశారు. 1981లో తెరిచారు. అంత ఎండలోనూ గోడలు లేకుండా, గాలి ఆడేటట్టు, వేలమంది హాజీలు సేదతీరేటట్టు కట్టారు. 1983లో దానికి ఆగాఖాన్ బహుమతి వచ్చింది. ఖాన్‌గారు 1982 మార్చిలో ఆ జిద్దా నగరంలోనే గుండెపోటుతో కన్నుమూశారు. వయసు 52. ఒక లెక్కల అయ్యవారి కొడుకు అంతదూరం పోయాడంటే చదువు వల్లనే పోయాడు.

ఇప్పుడు మా ఇంటి సంగతి ఒకటి చెబుతాను. మా మామూ పదేళ్ళ వయసులోనే వెల్డింగు షెడ్డులో చేరారు. అద్దం పెట్టుకోకుండా పని చూసి చూసి రాత్రిళ్ళు కళ్ళల్లో ఇసుక పోసినట్టయి, బంగాళాదుంప ముక్కలు కళ్ళ మీద పెట్టుకుని పడుకునేవారు. ఆయన వేసిన అతుకు ఊడటం నేనెరుగను. 1978లో గల్ఫు కంపెనీ ఒకటి ట్రేడు టెస్టు పెడితే వెళ్ళారు. డ్రాయింగు చేతికిచ్చి, దాని ప్రకారం పైపు అతకమన్నారు. గుర్తులన్నీ ఇంగ్లీషులో. ఆయన తనకు తోచినట్టు అతికారు. ఫెయిలు చేశారు. ఆయన కళ్ళెదుటే, ఐ.టి.ఐ. చదివి రెండేళ్ళు కాని కుర్రాడు పాసయ్యాడు. మామూ హెల్పరు వీసా మీద వెళ్ళారు. నాలుగేళ్ళు ఆ కుర్రాడి లాంటివాళ్ళకు రాడ్డులు అందించి వచ్చారు. "బేటా, పని నాకొచ్చురా. వాళ్ళ కాగితం చదవటమే రాలా" అన్నారు ఒకసారి. ఇంకేమీ అనలేదు. కోనసముద్రం కొలుముల సంగతి చదివినప్పుడల్లా నాకు మామూ గుర్తుకొస్తారు.

దీనికి మందు లేకపోలేదు. 1950లోనే ప్రభుత్వం చేతిపనుల శిక్షణ పథకం పెట్టింది. ఐ.టి.ఐ.లు అట్లా వచ్చినవే. 1961లో అప్రెంటిసుల చట్టం వచ్చింది. దాని ప్రకారం కుర్రాడు స్టైపెండు తీసుకుంటూ ఫ్యాక్టరీలో పని నేర్చుకోవచ్చు. హైదరాబాదులో 1968లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్, తిరుచిరాపల్లిలో 1975లో వెల్డింగు పరిశోధన సంస్థ వెలిశాయి. ఐ.టి.ఐ.లో వెల్డరు కోర్సు ఒక ఏడాది, ఫిట్టరు రెండేళ్ళు. షెడ్డులోనే పని నేర్చుకున్న పెద్దవారికి కూడా దారి ఉన్నది. 2015లో మొదలైన కేంద్ర నైపుణ్య పథకంలో, ముందే వచ్చిన పనిని పరీక్షించి సర్టిఫికెట్టు ఇచ్చే ఏర్పాటు పెట్టారు. మా మామూ కాలంలో అది లేదు.

పరిశ్రమ ఎటు పోతున్నదో కూడా చూడాలి. ఇప్పుడు పెద్ద షెడ్లు, గోదాములు ఫ్యాక్టరీలోనే ముక్కలుగా తయారై లారీల్లో వస్తున్నాయి. కట్టేచోట బోల్టులు బిగించటమే. బోల్టును కూడా చేతి బలం కొద్దీ బిగిస్తే ఒప్పుకోరు, కొలత ప్రకారం బిగించే పానా ఉంటుంది. పలకలు కంప్యూటరు మిషను కోస్తుంది. ఒకే రకం అతుకులు వందలకొద్దీ ఉంటే మర చెయ్యే వేస్తున్నది. 2025 జూన్ 6న ప్రారంభమైన కాశ్మీరు చీనాబ్ రైలు వంతెన చూడండి. నది మీద 359 మీటర్ల ఎత్తున, 467 మీటర్ల ఉక్కు కమాను. అక్కడ అతుకులను శబ్ద తరంగాలతో పరీక్షించి మరీ ఒప్పుకున్నారు. అంటే చెయ్యి ఒక్కటే చాలదు. డ్రాయింగు చదవాలి, కొలత తెలియాలి, పరీక్షకు నిలవాలి. కాని మర వచ్చినంత మాత్రాన మనిషి పని అయిపోలేదు. పాత కట్టడాల మరమ్మతు, ఇరుకు చోట పైపు అతుకు, ఎత్తు మీద బిగింపు ఇప్పటికీ మనిషి చేతివే.

చివరిగా సభ్యులకు నా మనవి. పిల్లవాణ్ణి షెడ్డులో పెట్టటం తప్పు కాదు, పదో తరగతి కాకుండా పెట్టటం తప్పు. ఫిట్టరు కోర్సుకు అది కావాలి, డ్రాయింగు అర్థం కావటానికీ అది కావాలి. షెడ్డులు నడిపే మన ఉస్తాదులు కుర్రాళ్ళకు అద్దం, చేతితొడుగులు, ఎత్తు మీద పనికి బెల్టు ఇవ్వనిదే పని చెప్పవద్దు. టే వంతెన కథ మనసులో పెట్టుకుని, బొక్క కనిపిస్తే పూడ్చకుండా ముక్క మార్చమని వాళ్ళకు నేర్పండి. సర్టిఫికెట్టు లేని పెద్దవారి పేర్లు రాసి, పరీక్ష జరిగే చోటికి తీసుకువెళ్ళే బాధ్యత మన సొసైటీ యువకులు తీసుకుంటే బాగుంటుంది. ఫారం నింపటం, బస్సు చార్జీ, ఒక పూట కూలి నష్టం, ఇంతే ఖర్చు. ఆడపిల్లలు డ్రాయింగు, డిజైను పనుల్లో బాగా రాణిస్తారు, వాళ్ళనూ వెనక్కి లాగవద్దు.

మా మామూ ఇప్పుడు లేరు. ఆయన హోల్డరు మా ఇంట్లో ఉన్నది. ఆయన మనవడు ఐ.టి.ఐ. పాసై, మొన్ననే 6జి టెస్టు రాశాడు. మొదటిసారి తప్పాడు. రెండోసారి పాసయ్యాడు.